పోయిందని చెప్పిన పిల్ల

డిపోలో అతన్ని అందరూ "నెమ్మది" అనేవారు. బస్సు నెమ్మదిగా నడుపుతాడని కాదు. మాట నెమ్మది, నడక నెమ్మది. ఈయనకి కోపం రావాలంటే ముందు రోజే చెప్పి ఉంచాలిరా అని తోటి డ్రైవర్లు నవ్వుకునేవారు. అలాంటి మనిషి నోరు జారాడంటే ఎవరూ నమ్మరు. కానీ జారాడు. అదీ ఒక్క మాటే.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన మర్నాడు పిల్లల డాక్టరమ్మ అతన్ని పక్కగదిలోకి పిలిచి కూర్చోబెట్టింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. మీ పాపకి పద్దెనిమిదో జతలో ఒకటి ఎక్కువుంది. మీరు చేసిన తప్పేం లేదు, మీ ఆవిడ చేసిందీ లేదు. ఇలాంటి పిల్లలు ఎక్కువమంది వారం దాటరు. కొంతమంది ఏడాది దాటతారు. ఇంకా కొద్దిమంది అంతకంటే ఎక్కువే ఉంటారు. ఎవరు ఉంటారో ముందుగా చెప్పడం మా చేతిలో లేదు."

ఆవిడ చెప్పినదాంట్లో 'వారం దాటరు' అన్నదొక్కటే అతని చెవిలో పడింది. తర్వాత అద్దం అవతల పాపని చూశాడు. గుప్పెడంత పిల్ల. రెండు పిడికిళ్ళూ బిగించి ఉంది, చూపుడువేలు పక్కవేలి మీదికెక్కి కూర్చుంది. గడ్డం ఉందా లేదా అన్నట్టుంది. చెవులు ఉండాల్సిన చోటుకంటే కిందికి ఉన్నాయి. పాదాల అడుగు గుండ్రంగా ఉంది. గుండెలో రంధ్రం ఉందని కూడా చెప్పారు గానీ అది కంటికి కనిపించేది కాదు.

అతను వరండాలోకి వచ్చేసరికి ఫోను మోగింది. డిపో కంట్రోలర్. ఎవరు ఏ బస్సు ఎక్కాలో రోజూ తేల్చేది ఆయనే.

"ఏమయ్యా నెమ్మదీ, కబురే లేదు! ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్ల సార్."

"శుభం! తల్లీపిల్లా బావున్నారా? సాయంత్రం డ్యూటీ దిగాక మేమంతా వస్తాం."

అప్పుడు జారింది నోరు.

"పోయింది సార్," అన్నాడు.

"అయ్యో" అన్నాడు కంట్రోలర్. "నువ్వు రావద్దు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు. మేం వచ్చి నిన్ను ఇబ్బంది పెట్టంలే."

ఫోను జేబులో పెట్టుకుంటూ అతను తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. ఇవాళ కాకపోతే ఎల్లుండి. ఎలాగూ చెప్పాల్సిన మాటే కదా, రెండుసార్లు చెప్పే బాధ తప్పింది. ఈ సర్దుబాటు వెనక ఇంకో సంగతి ఉందని అతనికి తెలుసు. డిపో వాళ్ళంతా వరసగా వచ్చి అద్దం దగ్గర నిలబడతారు. ఆ గడ్డం చూస్తారు, ఆ చెవులు చూస్తారు. చూసి, ఏమనాలో తెలీక అతని మొహం చూస్తారు. ఆ చూపు తప్పించుకోవడానికి కన్నబిడ్డని ముందే చంపేశాడు.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజున ఒక్కొక్కరూ వచ్చి భుజం మీద చెయ్యేసి వెళ్ళారు. కంట్రోలర్ అతన్ని ఊరి నడిబొడ్డులో తిరిగే రద్దీ బస్సు నుంచి తప్పించి, శివారుకి వెళ్ళే ఖాళీ రూటు ఇచ్చాడు. జంటగా కండక్టరక్కని వేశాడు.

కండక్టరక్క రిటైరు కావడానికి దగ్గర పడ్డ మనిషి. గొంతు విప్పితే బస్సు హారన్ అక్కర్లేదు. "లోపలికి జరగండి బాబూ, తలుపు దగ్గర తేనెపట్టేమన్నా ఉందా, అందరూ అక్కడే ముసిరారు!" అని ఆవిడ అరుస్తుంటే తిట్లు తిన్నవాళ్ళు కూడా నవ్వుతూ జరిగేవారు. ఆ మొదటి రోజు, శివారులో బస్సు తిరిగే చోట, రేకుల షెడ్డు కింద పక్కన కూర్చుని ఆవిడ గొంతు తగ్గించింది.

"నాకూ ఒకడు పుట్టి పోయాడు తమ్ముడూ. మొదటివాడు. డిపోలో ఎవరికీ తెలీదు. వాడి గురించి మా ఆయన ఎత్తనిచ్చేవాడు కాదు, ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. నువ్వు అలా చెయ్యకు. నీ పెళ్ళాం ఎత్తినప్పుడల్లా కూర్చుని విను."

ఆవిడ ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. పిల్ల ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది, ఏ క్షణాన ఏ కబురు వస్తుందో తెలీదు. కానీ ఆవిడ ఓదార్చింది ఒకందుకు, అతను ఏడ్చింది ఇంకొకందుకు.

వారం గడిచింది. పిల్ల పోలేదు. నెల గడిచాక, ముక్కులోంచి కడుపులోకి పోయే సన్నటి గొట్టంతో ఇంటికొచ్చింది. ఆ బిగించిన పిడికిళ్ళు చూసి తల్లి దానికి 'గుప్పెడు' అని ముద్దుపేరు పెట్టింది. గుప్పెడు ఏడాది దాటింది. రెండో ఏడూ దాటింది. కూర్చోలేదు, మాటలు లేవు. తల్లి గొంతు వింటే మాత్రం మెడ తిప్పుతుంది. పెదవి ఒక పక్కకి లాగి నవ్వుతుంది.

ఇంట్లో అతను చెడ్డ తండ్రేం కాదు. గొట్టంలోంచి పాలు పోసేటప్పుడు తల ఎంత ఎత్తులో పట్టుకోవాలో అతనికి బాగా తెలుసు. ఉన్నట్టుండి ఊపిరి ఆగితే అరికాలు రుద్ది మళ్ళీ తెప్పించేది ఎక్కువగా అతనే. గడప దాటితేనే మారిపోయేవాడు. వీధిలోకి తీసుకెళ్ళాల్సి వస్తే శాలువా మొహం మీదికి లాగేవాడు. "ఎండ తగుల్తుంది" అనేవాడు. మబ్బు పట్టిన రోజున కూడా అదే మాట. ఆసుపత్రికి తిప్పడమంతా భార్యే చూసుకునేది. అతనికి ఎప్పుడూ డ్యూటీయే.

డిపోలో రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాడు. మొదట్లో అయితే "దేవుడి దయ, బతికింది" అని ఒక్క మాటతో తేలిపోయేది. తర్వాత తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకి జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. జవాబు దొరకలేదు. అబద్ధం ముదిరిపోయింది.

ఒకరోజు పొద్దున కంట్రోలర్ పిలిచాడు. "పిల్లల ఆసుపత్రి రూటు డ్రైవరు మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నాడు. ఇవాళ్టికి నువ్వు ఎక్కు. అక్క కూడా నీతోనే."

ఆ బస్సు అతని వీధి మొదట్లోనే ఆగుతుంది. ఇవాళ పాపకి ఆసుపత్రి పని లేదులే, అని ధైర్యం తెచ్చుకుని స్టీరింగు పట్టుకున్నాడు.

రెండో ట్రిప్పులో, వీధి మొదట్లోని స్టాపు దగ్గర భార్య నిలబడి ఉంది. భుజాన పాప, మరో భుజాన సంచీ. పాప గొట్టం లాగేసుకుందని దూరం నుంచే అర్థమైంది. చెంప మీద అంటించిన టేపు ఊడి వేలాడుతోంది. ఇంటి నుంచి ఫోను చేసే ఉంటుంది. బస్సు నడిపేటప్పుడు అతని ఫోను పెట్టెలో ఉంటుంది.

ఆగకుండా పోదామన్న ఆలోచన కూడా వచ్చింది అతనికి. తర్వాత చాలాకాలం ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుపోయేది. ఆగాడు. ఆవిడ ముందు తలుపులోంచి ఎక్కింది. అతన్ని చూడగానే మొహం వెలిగింది. "హమ్మయ్య, మీరేనా" అనబోయింది. అతను తల తిప్పి పక్కనున్న అద్దంలోకి చూశాడు. ఆవిడ నోరు అలాగే ఉండిపోయింది.

"రా అమ్మా రా, పసిపిల్లతో అక్కడ నిలబడకు. లేవయ్యా, నువ్వు లే!" అని ఒకతన్ని లేపి ముందు సీటులో కూర్చోబెట్టింది కండక్టరక్క. "ఏమైంది పాపకి?"

"గొట్టం ఊడొచ్చిందండీ. పాలు దాంతోనే పట్టాలి. మళ్ళీ వేయించాలి."

వెనక సీటులోంచి ఒకావిడ మెడ చాచి చూసి, "అదేంటి, ఆ పిల్ల మొహం అలా ఉందేంటి?" అంది పక్కావిడతో, అందరికీ వినబడేలా.

"నీ మొహం ఎలా ఉందో ఇందాకట్నుంచి మేమేమన్నా అన్నామా?" అంది కండక్టరక్క వెనక్కి తిరక్కుండానే. బస్సులో నవ్వులు లేచాయి. ఆ మాట అనాల్సింది తను. అతను గేరు మార్చాడు.

ఇంజను అదురుకి పాప ఏడుపు ఆపింది. పైనున్న పెద్ద అద్దంలో అతనికి కనబడుతోంది. పెదవి ఒక పక్కకి లాగి నవ్వుతోంది. కండక్టరక్క వంగి, దాని పిడికిలిలో తన వేలు దూర్చింది.

"ఈ వేళ్ళు..." అంది మెల్లగా. "ఏమీ అనుకోకమ్మా. డాక్టర్లు ఏదో జత ఎక్కువుందని చెప్పారా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"ఈ బస్సు నడుపుతున్న మా తమ్ముడికీ ఇలాంటి పాపే పుట్టింది. వేళ్ళు ఇలాగే ఉండేవని చెప్పాడు. పాపం, పుట్టగానే పోయింది. అప్పట్నుంచీ పసిపిల్లల వంక చూడలేడు. అదిగో చూడు, ఇటు తిరుగుతున్నాడేమో. నువ్వేం తప్పుగా అనుకోకు. మనిషి మంచివాడు."

అతను అద్దంలోకి చూడకూడదనుకుంటూనే చూశాడు. భార్య కూడా అందులోంచి అతన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు, కోపం కూడా లేదు. ఇతను ఎవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టుంది.

"అయ్యో పాపం," అంది ఆవిడ. "ఎప్పుడు పోయింది?"

"రెండేళ్ళు దాటిందమ్మా."

"వాళ్ళావిడ ఎలా ఉందో మరి."

"నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంటికి ఎవర్నీ రానివ్వడు. ఆవిడ తట్టుకోలేదంటాడు."

భార్య సంచీలో చెయ్యి పెట్టింది. అందులో డ్రైవరు కుటుంబానికి డిపో వాళ్ళిచ్చే పాసు ఉంటుంది, దాని మీద అతని పేరు ఉంటుంది. ఆవిడ దాన్ని పక్కకి జరిపి పర్సు తీసింది. "పిల్లల ఆసుపత్రికి ఒకటి ఇవ్వండి," అంది. అతని భార్య, అతను నడిపే బస్సులో, ముక్కూమొహం తెలీని మనిషిలా టికెట్టు కొనుక్కుంది.

ఆసుపత్రి దగ్గర దిగేటప్పుడు కండక్టరక్క సంచీ అందించింది. "జాగ్రత్తమ్మా. బంగారు తల్లి, మళ్ళీ మా బస్సు ఎక్కాలి సుమా!" అంది పాపతో. భార్య తల ఊపి వెళ్ళిపోయింది. అతను తలుపు మూసే మీట నొక్కాడు. భూమి చీలితే బావుండుననిపించింది. భూమి చీలలేదు, వెనక బస్సువాడు హారన్ కొట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పాపకి కొత్త గొట్టం వేసి ఉంది. భార్య పాలు పడుతోంది. పట్టడం అయ్యేదాకా మాట్లాడలేదు. పెళ్ళికి ముందు నుంచీ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి, పాప పుట్టాక మానేసింది. ఆవిడ మాట్లాడితే ఒక్క అక్షరం ఎక్కువుండదు.

"ఏ రోజున పోయింది?" అంది.

అతను నిలబడే ఉన్నాడు.

"చెప్పండి. రేపు ఎవరన్నా అడిగితే నేనూ అదే చెప్పాలి కదా. తేడా వస్తే బావుండదు."

"పుట్టిన మర్నాడు," అన్నాడు.

"నేను తట్టుకోలేకపోతున్నానని కూడా చెప్పారట."

"ఎవరూ ఇంటికి రాకుండా..."

"అర్థమైంది." పాప మూతి తుడిచింది. "దాన్ని చూసి సిగ్గుపడ్డారా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని చూశాడు. చివరికి తల ఊపాడు.

"నేనూ పడ్డాను," అంది ఆవిడ. "అద్దం అవతల మొదటిసారి చూసినప్పుడు. నర్సు వస్తే అడ్డంగా నిలబడ్డాను. ఒక పూటంతా అలాగే ఉన్నాను. కానీ నేను ఎవరికీ పోయిందని చెప్పలేదండీ." ఆవిడ పాప శాలువా చేతిలోకి తీసుకుంది. "మబ్బుల్లో కూడా ఎండంటుంటే పిచ్చిదాన్ని, నమ్మాను. దాని మీద ప్రేమనుకున్నాను."

ప్రేమే, అని చెప్పాలనిపించింది అతనికి. ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు మళ్ళీ శివారు రూటే. రేకుల షెడ్డు దగ్గర బస్సు ఆపి, ఇంజను కట్టేసి అతను కండక్టరక్క దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, నాకు పాప ఉంది."

ఆవిడ మొహం విచ్చుకుంది. "ఓరి నీ! ఇంకో పాప పుట్టిందా? ఎప్పుడు? నెమ్మది అంటే నెమ్మదే, ఇంత కబురు కడుపులో దాచుకుని..."

"ఇంకో పాప కాదక్కా. ఆ పాపే. పోలేదు. నిన్న మన బస్సు ఎక్కి ఆసుపత్రి దగ్గర దిగింది."

ఆవిడ నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద అలా మిగిలిపోయి, కొంచెం కొంచెంగా దిగింది. కాసేపు టికెట్ల మిషను బెల్టు సర్దుకుంటూ ఉండిపోయింది.

"అంటే నిన్న నేను చెప్పింది..." అంది. "ఆవిడకా? నీ పెళ్ళానికా? నీ బిడ్డ చచ్చిపోయిందని నా నోటితో దాని తల్లికి చెప్పించావా?"

"తప్పయింది అక్కా."

"ఆవిడ 'అయ్యో పాపం' అంది. నేను టికెట్టు కొట్టి చేతికిచ్చాను." ఆవిడ చెంగుతో మొహం రుద్దుకుంది. "నన్ను మధ్యలో ఆపి, ఇది నా కూతురు అక్కా అనడానికి నీకు ఎంత దారి ఉంది! ఎన్ని స్టాపులు ఉన్నాయి!"

అతను తలవంచుకున్నాడు.

"నా పిల్లాడి సంగతి నా చెల్లెలికి కూడా ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు నేను. వాడు ఎలా ఉండేవాడో, ఏ కాలు ముందు కదిపేవాడో అన్నీ నీకు చెప్పాను. నువ్వూ పోగొట్టుకున్నవాడివని చెప్పాను. నువ్వేమో బతికున్నదాన్ని ఇంట్లో పెట్టుకుని విన్నావు."

ఏదైనా తిట్టు తిట్టి ఉంటే బావుండేది. ఆవిడ బస్సెక్కి వెనక సీటులో కూర్చుంది. ఆ రోజంతా ఆవిడ గొంతు లేవలేదు. ఆగాలంటే ఒకసారి గంట కొట్టేది, కదలాలంటే రెండుసార్లు. అలవాటైన ప్రయాణికులు "అక్కకి ఒంట్లో బాలేదా?" అని అతన్నే అడిగారు. వారం తిరక్కుండా ఆవిడ వేరే రూటు అడిగి మారిపోయింది.

కంట్రోలర్‌కి కూడా అతనే వెళ్ళి చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చివాట్లు పడతాయనుకున్నాడు అతను.

"నీ ఎదురుగా మేం పిల్లల ఊసు ఎత్తేవాళ్ళం కాదు, తెలుసా?" అన్నాడాయన. "మా మనవడి ఫొటో ఉండేది ఇక్కడ. నువ్వు వస్తున్నావంటే సొరుగులో పెట్టేవాణ్ణి." ఆ ఒక్క మాటే అని, కళ్ళజోడు పెట్టుకుని పని చూసుకున్నాడు.

కబురు డిపో అంతా పాకింది. "సార్, మా అత్తగారు పోయింది, సెలవు కావాలి. అంటే, బతికే ఉందనుకోండి!" అన్నాడొక డ్రైవరు క్యాంటీన్లో. గొల్లుమన్నారు. అతను గ్లాసు కడిగి బోర్లించి బయటికి వచ్చాడు. వాళ్ళ మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి తన దగ్గర ఏ హక్కూ మిగల్లేదు.

అప్పటి నుంచి సెలవు పెట్టి పాపని ఆసుపత్రికి తనే తీసుకెళ్ళసాగాడు. బస్సులోనే, ముందు సీటులో. మొదటిసారి ఎవరో పాప వంక అదేపనిగా చూస్తుంటే అతని చెయ్యి దానంతటదే శాలువా మీదికి వెళ్ళింది. భార్య పక్కనుంచి ఆ చేతినే చూస్తోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, మంటల్లోంచి తీసినట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. సిగ్గు ఒక్క రోజులో పోయేది కాదని అతనికి ఆ రోజు తెలిసింది. ఏం వింతరోగం ఇది అని ఒక పెద్దాయన అడిగితే, "రోగం కాదండీ, పుట్టుకే అంత. మా అమ్మాయి," అన్నాడు. 'మా అమ్మాయి' అన్న మాట అంత పెద్ద గొంతుతో అనాల్సిన అవసరం లేదు. కానీ అలాగే వచ్చింది.

పాప ఇంకెన్నాళ్ళు ఉంటుందో డాక్టరమ్మ ఇప్పటికీ ముందుగా చెప్పదు. చలి ముదిరిన రోజుల్లో పాపకి కఫం పట్టి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. బయటపడి ఇల్లు చేరిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే కండక్టరక్క. యూనిఫాం లేకుండా ఆవిడ పొట్టిగా కనబడింది. చేతిలో అల్లిన చిన్న ఉన్ని టోపీ ఉంది.

"అమ్మాయి లేచిందా?" అంది, అతని భుజం మీదుగా లోపలికి చూస్తూ.

"లేచింది. రండి అక్కా."

ఆవిడ అతన్ని దాటుకుని నేరుగా భార్య దగ్గరికి వెళ్ళింది. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది కండక్టరక్క. "మీరేం చేశారండీ, సీటిప్పించారు," అంది భార్య. అంతటితో ఆ సంగతి అయిపోయింది. కండక్టరక్క మంచం మీద కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుంది, తల ఎలా ఎత్తి పట్టుకోవాలో అడిగి తెలుసుకుంది. టోపీ పెద్దదయింది, కళ్ళ మీదికి జారింది. "పెరుగుతావులే," అంది ఆవిడ. అన్నాక ఏదో గుర్తొచ్చి భార్య మొహంలోకి చూసింది. భార్య నవ్వింది.

అప్పటి నుంచి సెలవు దొరికితే వస్తోంది. భార్యతో గంటలు గంటలు మాట్లాడుతుంది. తన పిల్లాడి గురించి కూడా మాట్లాడుతుంది. అతను పక్కగదిలో పాలు కాచి చల్లారుస్తూ వింటాడు. ఆ కబుర్లలోకి తనకి పిలుపు లేదని తెలుసు, వెళ్ళడు. వెనకటిలా ఆవిడ 'తమ్ముడూ' అని ఒక్కసారైనా పిలుస్తుందేమోనని మాత్రం చెవులు అటే ఉంటాయి.

"డ్రైవరుగారూ," అని వినబడింది ఆ గదిలోంచి. "ఆ కిటికీ కాస్త వెయ్యండి. పిల్లకి గాలి కొడుతోంది."

అతను గిన్నె దించి వెళ్ళి కిటికీ వేశాడు.